మూడు కోణాలు కలిసిపోకుండా పంపాలంటే

పైథాన్ నుంచి మూడు సర్వోల (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్ల) కోణాలు పంపుతుంటే, ఆర్డుయినో యూనో బోర్డులో ఒకదాని విలువ ఇంకోదానికి వెళ్తోందన్నారు కదా. ముందు వైరింగ్ జోలికి వెళ్లకండి, మీరు పెట్టిన కోడ్‌లోనే కారణం కనిపిస్తోంది. సీరియల్ (కంప్యూటర్‌కూ బోర్డుకూ మధ్య డేటా వెళ్లే దారి) బైట్లను ఒకదాని వెనక ఒకటి మోస్తుందంతే. మీరు 90, 45, 120 విడివిడిగా పంపినా అటు చేరేది 9045120. ఎక్కడ తెంచాలో బోర్డుకు ఎలా తెలుస్తుంది?

మధ్యలో కామాలు, చివర న్యూలైన్ (వరుస ముగిసిందని చెప్పే అక్షరం) పెట్టి ఒకే వరుసగా పంపండి: 90,45,120. బోర్డు వైపు, వచ్చిన ప్రతి అక్షరాన్నీ క్యారెక్టర్ అర్రేలో పేర్చుకుంటూ పోండి. న్యూలైన్ వచ్చేదాకా ఏ సర్వోనూ కదపొద్దు. అది రాగానే అర్రే చివర నల్ (స్ట్రింగ్ ముగింపు గుర్తు) పెట్టి, strtok అనే స్ట్రింగ్ టోకెన్ ఫంక్షన్‌తో కామాల దగ్గర విడగొట్టి, ముక్కలను అంకెలుగా మార్చండి. సరిగ్గా మూడు ముక్కలు రాకపోతే ఆ వరుస మొత్తం పారేయండి. ఈ తనిఖీ మాత్రం వదలొద్దు, సగం వరుస అందినప్పుడు సర్వో ఉన్నట్టుండి ఎగిరిపడకుండా కాపాడేది ఇదే.

పార్స్‌ఇంట్ (సీరియల్ నుంచి నేరుగా అంకెను చదివే parseInt ఫంక్షన్) సులువే గానీ, అంకె ఎక్కడ ముగిసిందో తేలకపోతే 1000 మిల్లీసెకన్లు అక్కడే ఆగిపోతుంది. మీ పనికి నేనైతే వాడను.

ఇంకొకటి, పోర్టు తెరవగానే యూనో రీసెట్ అవుతుంది. పైథాన్‌లో 2 సెకన్లు ఆగి అప్పుడు పంపండి. లూప్‌లో ఉన్న పెద్ద డిలే (బోర్డును ఆపి ఉంచే ఆదేశం) కూడా తీసేయండి. ఆ ఆగిన సేపట్లో వచ్చే బైట్లను దాచే యూనో రిసీవ్ బఫర్ 64 బైట్లే, అది నిండాక వచ్చినవి పోయినట్టే. అప్పటికీ ఆలస్యం అనిపిస్తే బాడ్ రేటు (సీరియల్ వేగం) రెండు వైపులా 115200 చేయండి.