కుక్కపిల్ల కోసం చీటీ పాడుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ఆయనకు సెల్‌ఫోన్ షాపు ఉంది, డల్‌గా ఉంటే నెలకు 20 వేలు, సీజన్లో 35 వేల దాకా వస్తాయి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 14 వేలు, మే నెలకు ఇవ్వరు. ఇంటద్దె 9 వేలు, బండి ఈఎంఐ 3,200, చీటీకి 5 వేలు పోతాయి. బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. పరీక్షలు అయిపోగానే కుక్కపిల్లను తెస్తామని మా అబ్బాయికి మాటిచ్చాం. బెంగళూరులో ఒకాయన 40 రోజుల లాబ్రడార్ పిల్లను 18 వేలకు ఇస్తానంటున్నాడు. 5 వేలు అడ్వాన్సు ఫోన్లో వేస్తే బస్సులో పంపిస్తాడట. మాది లక్ష చీటీ, 20 నెలలది, 6 నెలలు కట్టాం. ఇప్పుడు పాడుకుంటే పిల్ల ఖర్చు పోగా చేతిలో కాస్త డబ్బు ఉంటుంది కదా అని ఆలోచన. కుక్కకు ఇన్సూరెన్స్ చేయించాలా? ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా అని ఆయన అడుగుతున్నారు.

జవాబు: ముందు ఆ 5 వేలు పంపకండమ్మా. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

ఎందుకు పంపొద్దంటే, 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. 40 రోజుల పిల్లను తల్లి నుంచి విడదీసి బస్సులో పార్సిల్ చేస్తానంటున్నాడంటే ఆయన ఆ రూలు పాటించే మనిషి కాదు, లేదా అసలు ఆయన దగ్గర పిల్లే లేదు. ఫొటో చూపించి అడ్వాన్సు లాగి నంబరు బ్లాక్ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. తల్లి కుక్క పక్కన పిల్లను కళ్లతో చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక చీటీ సంగతి. 20 నెలల్లో ఏడో నెలకే పాడితే పాట ఎక్కువకు పోతుంది, అది మీకూ తెలుసు. ఒక 18 వేలు వదులుకుని 82 వేలు చేతికి వచ్చిందనుకోండి. 18 వేల పిల్ల కోసం ఇంకో 18 వేలు పాటలో పోగొట్టుకున్నట్టే. ఇంకా 13, 14 నెలలు కంతులు కట్టాల్సిందే. చేతిలోకి వచ్చిన మిగతా డబ్బు కుక్క ఖర్చుల కోసం అలాగే ఉంటుందా అంటే, నాకైతే నమ్మకం లేదు. షాపులోకి స్టాకు కావాలని ఆయన అడుగుతారు, మీరు ఇస్తారు, రెండు నెలల్లో అయిపోతుంది. చీటీని చివరిదాకా ఉంచుకోండి. బ్యాంకులోని 35 వేలు కూడా ముట్టొద్దు. నెల నెలా ఆదాయం మారే ఇంట్లో అది ఇప్పటికే తక్కువ, మీ ఇంటి ఖర్చు కనీసం మూడు నెలలకు సరిపడా అక్కడ ఉండాలి.

అసలు ఖర్చు పిల్ల ధర కాదు, అది వచ్చాక మొదలయ్యేది. లెక్క వేసి చూపిస్తాను. ఇవి నేను సుమారుగా వేసుకున్న అంకెలు, మీ ఊరి డాక్టర్ దగ్గర, షాపుల్లో అడిగి సరిచేసుకోండి. లాబ్రడార్ అయితే పిల్లకు 18 వేలు, మొదటి ఏడాది టీకాలు, నట్టల మందు, డాక్టర్ ఫీజులు కలిపి 7 వేలు, గిన్నెలు బెల్టు చైన్ లాంటివి 3 వేలు, తిండి నెలకు 3,500 చొప్పున 42 వేలు, గోమార్ల మందు, షాంపూ 4 వేలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు 6 వేలు. మొత్తం 80 వేలు. మీ ఇద్దరి ఆదాయం కలిపితే ఏడాదికి 5 లక్షల దగ్గర, అందులో 80 వేలు. రెండో ఏడాది నుంచి పిల్ల ధర, ఆపరేషన్ ఉండవు కాబట్టి 50 వేల దగ్గర ఆగుతుంది. కానీ లాబ్రడార్ 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది, అప్పటికి మీ అబ్బాయి ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటాడు, కుక్క మీ దగ్గరే ఉంటుంది. పెరిగాక 30 కిలోల బరువుండే కుక్క, దాని ఆకలి మన పిల్లల ఆకలి లాంటిది కాదు.

అదే వీధిలో పుట్టిన మామూలు పిల్లను తెచ్చుకుంటే ధర సున్నా. బరువు 15, 20 కిలోలకు మించదు, మన ఎండలకు అలవాటు పడిన ఒళ్లు, తిండి నెలకు 1,800లో సర్దుకోవచ్చు. మొదటి ఏడాది మొత్తం కలిపినా 42 వేల లోపు. అనంతపురంలో వెతకాల్సిన పని కూడా లేదు, ఏ కాలనీలోనైనా ఏదో ఒక సందులో తల్లి, పిల్లలు కనిపిస్తాయి, ఆడ కుక్కపిల్లలనైతే ఎవరూ తీసుకోరు కాబట్టి అడిగితే సంతోషంగా ఇస్తారు. నా ఓటు దీనికే. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలిదేశపు కుక్కల జోలికి మాత్రం మీ అబ్బాయి ఎంత ఏడ్చినా పోవద్దు, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో వాటికి ఏసీ కావాలి, ఏసీకి కరెంటు బిల్లు కావాలి.

లెక్కలో నేను కలపనిది ఇంకొకటి ఉంది, అది జబ్బు. చిన్న కుక్కపిల్లలకు పార్వో అనే వైరస్ వస్తుంది. పొద్దున చెప్పులు లాక్కుంటూ తిరిగిన పిల్ల సాయంత్రానికి మూలన పడుకుంటుంది, వాంతులు, తర్వాత రక్తంతో విరేచనాలు, దుర్వాసన. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి నాలుగైదు రోజులు సెలైన్లు ఎక్కిస్తే చాలా పిల్లలు బతుకుతాయి, ఆలస్యం చేస్తే చాలా వరకు బతకవు. ప్రైవేటు క్లినిక్‌లో దీనికి 10, 15 వేలు తేలిగ్గా అయిపోతాయి. ఆ రోజు రాత్రి డబ్బు లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 36 శాతం అని గుర్తుపెట్టుకోండి. అందుకే కుక్క పేరు మీద 15 వేలు విడిగా ఉండాలి, ఉన్నాకే కుక్క రావాలి.

పార్వో రాకుండా ఉండాలంటే టీకాలు సమయానికి వేయించడమే దారి. మొదటిది 6 నుంచి 8 వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి, పిల్లకు 16 వారాలు వచ్చేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత డాక్టర్ చెప్పినట్టు ఏటా. ఆ కోర్సు పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో తిప్పొద్దు, వేరే కుక్కలు తిరిగే మట్టిలో ఆడనీయొద్దు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ ఫీజు నామమాత్రం. ఏటా జూలై 6న జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం రోజు చాలా చోట్ల కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

ఏమేం కొనాలో అని జాబితా రాయకండి. పరుపు కొనొద్దు, నాలుగో నెల నుంచి పళ్లు మారేటప్పుడు దాన్ని చీల్చి పారేస్తుంది, పాత చీర మడిచి గోనె సంచి మీద వేస్తే చాలు. మీ ఇంట్లో కొత్తగా జాగ్రత్తపడాల్సింది ఛార్జింగు వైర్ల దగ్గర. సెల్‌ఫోన్ షాపు ఇల్లు కదా, కేబుళ్లు గోడ వెంట కిందే వేలాడుతుంటాయి, ప్లగ్గులో ఉన్న వైరు కొరికితే పిల్ల పోతుంది. వాటిని పైకి కట్టేయండి, పైసా ఖర్చు లేదు.

తిండి విషయంలో మన సంగటి మంచి ఆధారమే, ఉడికించిన చికెన్, గుడ్డు కలిపి పెట్టొచ్చు, కానీ పులుసు పోసి పెట్టొద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అంతే. పాయసం అడుగున కిస్‌మిస్ ఉంటుంది, పెద్దవాళ్లు ప్రేమగా గిన్నె కింద పెట్టేస్తారు. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు. ఆవు పాలు తాగిస్తే చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, వాటికి పార్వో అనుకుని టెన్షన్ పడి డాక్టర్‌కు 500 ఇచ్చి రావాల్సి వస్తుంది. జ్వరం వచ్చిందని ఇంట్లో పారాసెటమాల్ ఇవ్వకండి. తిండి మూడు నాలుగు నెలల దాకా రోజుకు నాలుగు సార్లు కొంచెం కొంచెం, ఆరు నెలల తర్వాత రెండు సార్లు చాలు. మొదట్లో డాక్టర్‌ను అడిగి పిల్లల ఫీడు సగం, ఇంటి తిండి సగం అని మొదలుపెడితే ఎముకలకు ఇబ్బంది ఉండదు.

ఎప్పుడు తెచ్చుకోవాలి అన్న దగ్గర మీ ఆలోచనను మారుస్తాను, కోప్పడకండి. పరీక్షల తర్వాత అంటే ఏప్రిల్. అప్పుడు ఎండలు, గోమార్లు, మేలో మీ జీతం లేదు, జూన్‌లో అబ్బాయి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం. సెలవుల్లో ఇంట్లో మనుషులు ఉంటారన్నది నిజమే, అయినా ఈ నాలుగు దెబ్బలూ ఒకేసారి కాయడం కష్టం. జూలైలో తెచ్చుకోండి. ఈలోపు మార్చి నుంచి నెలకు 3 వేల చొప్పున విడిగా ఒక ఆర్డీలో (నెల నెలా కట్టే డిపాజిట్) వేయండి, చెల్లెలి పెళ్లి వచ్చినా ముట్టకుండా. జూన్ చివరికి 12 వేలు ఉంటాయి, ఇంకో 3 వేలు మీ ఆయన షాపు లాభంలోంచి కలిపితే ఆ 15 వేలు వచ్చేస్తాయి. జూలై నుంచి వీధి పిల్ల ఖర్చు చాలా వరకు ఆ 3 వేలతోనే గడుస్తుంది, మీకు పెద్దగా కొత్తగా అనిపించదు. మే నెలలో ఈ 3 వేలు వేయలేకపోతే, లాబ్రడార్ సంగతి అక్కడితో వదిలేయండి, వీధి పిల్ల కూడా ఇంకో ఏడాది ఆగాలి. మీ అబ్బాయికి ఆర్డీ పుస్తకం చూపించి నెల నెలా వాడి చేతే రాయించండి, ఏడుపు సగం తగ్గుతుంది.

ఈ లోపు ఇంటి ఓనర్‌ను అడగండి. అడగకుండా తెచ్చుకుని తర్వాత ఇల్లు మారాల్సి వస్తే అడ్వాన్సు, సామాన్ల బండి, రంగులు, అన్నీ కుక్క లెక్కలోకే వస్తాయి. ఊరికి వెళ్లేటప్పుడు ఎవరి దగ్గర ఉంచుతారో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, పక్కింట్లో అత్తయ్యో, ధర్మవరంలో మీ అమ్మగారో ఒప్పుకుంటే రోజుకింత అని కుక్కల హాస్టల్‌కు కట్టే పని ఉండదు.

పిల్ల ఆడుకుంటూ పళ్లు, గోళ్లు గీరడం మామూలే. గీరుకుపోతే, రక్తం రాకపోయినా సరే, పసుపు, కారం అద్దకండి. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ టీకా అక్కడ ఉచితం.

ఇన్సూరెన్స్ కంపెనీలు కుక్కలకు పాలసీలు ఇస్తున్నాయి, ప్రభుత్వ కంపెనీల దగ్గర కూడా ఉన్నాయి. సాధారణంగా టీకాలు, నట్టల మందు అందులోకి రావు, చేరిన వెంటనే వచ్చిన జబ్బుకు డబ్బు ఇవ్వకుండా కొంత కాలం ఆగాలనే షరతు ఉంటుంది. 18 వేల లాబ్రడార్‌కు అడిగి చూడండి, పాలసీ కాగితంలో పార్వో గురించి ఏం రాశారో చదివాకే కట్టండి. వీధి పిల్లకైతే ఆ ప్రీమియం కూడా ఆర్డీలో వేసేయండి.

ట్యాక్స్ గురించి మీ ఆయనకు చెప్పండి, కుక్కకు ఎంత ఖర్చు పెట్టినా హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఇచ్చే పన్ను మినహాయింపు రాదు. అది మీకు, భార్యాభర్తలకు, పిల్లలకు, తల్లిదండ్రులకు మాత్రమే. పైగా ఇప్పుడున్న మీ ఆదాయానికి ఎలాగూ పన్ను పడదు.