వాడు తాగాడని తెలిస్తే ఆయన ఊరుకోరు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు. మొన్న బట్టలు నానబెడుతుంటే ప్యాంటు జేబులో అగ్గిపెట్టె, సోంపు ప్యాకెట్లు దొరికాయి, చొక్కా అంతా సిగరెట్ వాసన. ఫ్రెండ్ తాగాడమ్మా అన్నాడు, గట్టిగా అడిగితే ఏడ్చేసి ఒప్పుకున్నాడు. వాళ్ల నాన్నకి తెలిస్తే చావగొడతారు. ఆయన రోజుకో ప్యాకెట్ తాగుతారు కానీ వీడు తాగితే మాత్రం ఊరుకోరు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, వాడు ఏడ్చి ఒప్పుకున్నాడంటే మీ మీద ఇంకా నమ్మకం ఉంది, ముందు దాన్ని కాపాడుకోండి. కొడితే మానడు, దాచడం నేర్చుకుంటాడు అంతే.

ఒక్కటి గుర్తు చేసుకోండి, చిన్నప్పుడు వాణ్ణి కొట్టుకి పంపి సిగరెట్లు తెప్పించారా? చాలా ఇళ్లల్లో జరిగేదే ఇది, చిల్లర చేతిలో పెట్టి పరిగెత్తుకెళ్లి తీసుకురా అంటాం, నాన్నకి చిరాకొస్తే సిగరెట్ వెలిగిస్తాడు అని పిల్లాడు అప్పుడే చూసి నేర్చేసుకుంటాడు. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకి సిగరెట్ అమ్మకూడదు, కాలేజీకి 100 గజాల లోపు అసలు అమ్మకూడదు, అయినా కిళ్లీకొట్లో లూజుగా ఒక్కటి ఇచ్చేస్తారు.

ఇప్పుడు పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, మార్కుల టెన్షన్, పక్కన ఫ్రెండ్స్, ఒక దమ్ము లాగితే హాయిగా ఉంది అనుకుంటాడు. నిజానికి నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకి చేరుతుంది, కాసేపటికి తగ్గిపోయి చిరాకు పుడుతుంది, ఆ చిరాకు ఇంకో సిగరెట్‌తో పోతే టెన్షనే పోయిందనుకుంటాడు. ఈ వయసులో మెదడు ఇంకా ఎదుగుతుంటుంది కాబట్టి పెద్దవాళ్ల కంటే త్వరగా అలవాటు పడిపోతారు. ఈ మాట వాడికి అర్థమయ్యేలా చెప్పండి, క్యాన్సర్ బొమ్మలు చూపించి భయపెట్టకండి. ఎప్పుడు తాగాలనిపిస్తుందిరా అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి.

మీ ఆయనకి వాడు ఇంట్లో లేనప్పుడు చెప్పండి. ఆయన మానకుండా వాణ్ణి మానమంటే ఆ మాటకి విలువుండదు, కాబట్టి ఇద్దరూ కలిసి మొదలుపెట్టాలి. 1800-11-2356 కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు, పొగాకు మానడానికి కౌన్సెలింగ్ ఇస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు ఇద్దరికీ కోపం, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటాయి, ఓపిక పట్టండి. రాత్రి అన్నం తిన్నాక ఆయన సిగరెట్ వెలిగించే టైముకి తండ్రీకొడుకుల్ని అలా వీధి చివరిదాకా నడిచి రమ్మనండి.