దావిద్ ఇబోయ రాజీనామా చేశాడా, చేసిందా, చేశారా?

సందేహం: హంగేరీ రాజకీయాల్లో ఎదిగిన ఒక న్యాయవాది గురించి చిన్న వ్యాసం రాశాను. ఇంగ్లీషులో ఆవిడ పేరు ‘ఇబోయ దావిద్’ అని ఉంటే అలాగే పెట్టాను. అచ్చులో చూస్తే ఒకచోట ‘డేవిడ్ రాజీనామా చేశాడు’ అని, ఇంకోచోట ‘న్యాయవాదిని’ అని, మరోచోట ‘మంత్రిణి’ అని మారింది. ఏది సరి? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మొదట ఆ ‘డేవిడ్’ సంగతి తేల్చుకుందాం. హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. సొంతగడ్డ మీద ఆవిడ దావిద్ ఇబోయ. దావిద్ ఇంటిపేరు, ఇబోయ సొంతపేరు. మనకు కమల ఎలాగో వాళ్లకు ఇబోయ అలాగ, వయొలెట్ పువ్వు పేరు. ఇంగ్లీషులో రాసేటప్పుడు హంగేరియన్లే వరస తిప్పేస్తారు, ఆ తిప్పిన పేరే మన దాకా వస్తుంది. నారా చంద్రబాబు నాయుడు, నందమూరి తారక రామారావు అని రాసుకునే మనకు ఆ తిప్పుడుతో పనేముంది? ‘దావిద్ ఇబోయ’ అనే రాయండి. రెండోసారి నుంచి పొట్టిగా రాయాలంటే ‘ఇబోయ’ చాలు. ఇంటిపేరు ఒక్కటే పెట్టి పిలవడం తెలుగులో తక్కువ, పైగా ఇక్కడ ఆ ఇంటిపేరు మగవాళ్ల పేరులా వినిపిస్తుంది. మీ ప్రూఫ్‌రీడర్ పొరబడింది అక్కడే.

మూలం హంగేరియన్‌లో చదివినా ఆయనకు సాయం దొరికేది కాదు. ఆ భాషలో అతడికీ ఆమెకూ ఒకటే సర్వనామం, ‘ő’ అంటారు. పేజీలకు పేజీలు చదివినా క్రియను బట్టి ఆడా మగా తెలియదు. తెలుగులో అలా కుదరదు, క్రియ దగ్గరికి వచ్చేసరికి తేల్చి చెప్పాల్సిందే.

ఇక ‘న్యాయవాదిని’. ఇది నాకు అసలు నచ్చని మాట. ‘న్యాయవాదిని కలిశాను’ అంటే అది ద్వితీయా విభక్తి. ‘నేను న్యాయవాదిని’ అంటే చెప్పుకుంటున్నది ఆడవారైనా మగవారైనా కావచ్చు. వీటికి తోడు స్త్రీలింగం కూడా అదే రూపమంటే చదివేవాళ్లకు టెన్షన్ తప్ప లాభం లేదు. ఇబోయ 1954లో బాయ అనే ఊళ్లో పుట్టి, పేచ్‌లో న్యాయశాస్త్రం చదివి, న్యాయవాదిగా పనిచేశారు. ‘న్యాయవాది’ అనే మాట ఇద్దరికీ చెల్లుతుంది. మంత్రి కూడా అంతే. 1998 నుంచి 2002 వరకు ఓర్బాన్ విక్తోర్ తొలి ప్రభుత్వంలో ఆవిడ న్యాయశాఖ మంత్రి. ‘మంత్రిణి’ అని ఈ రోజుల్లో ఎవరూ అనరు, రాస్తే వెటకారంలా ఉంటుంది. ‘మహిళా న్యాయశాఖ మంత్రి’ అని మాత్రం రాయకండి, అదేదో మహిళా శిశు సంక్షేమంలాంటి కొత్త శాఖ అనుకుంటారు!

‘డు’తో ముగిసే పదవుల దారి వేరు. సభ్యుడు–సభ్యురాలు, అధ్యక్షుడు–అధ్యక్షురాలు అని మార్చి తీరాలి. కాబట్టి ఆవిడ 1990 నుంచి 2010 వరకు పార్లమెంటు సభ్యురాలు, 1999 నుంచి 2010 వరకు హంగేరియన్ డెమొక్రాటిక్ ఫోరం అనే పార్టీకి అధ్యక్షురాలు. ‘నాయకురాలు’ అనవచ్చు. ‘నాయిక’ అంటే మాత్రం కథానాయిక గుర్తొస్తుంది.

అసలు చిక్కు క్రియతోనే. మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆడవాళ్లకీ, వస్తువులకీ, పార్టీలకీ ఒకటే క్రియారూపం: ఆమె గెలిచింది, పార్టీ గెలిచింది. బహువచనానికి వస్తే ఆడవాళ్లు మనుషుల లెక్కలో చేరతారు: వాళ్లు గెలిచారు. ఈ వింత వల్ల మీ వ్యాసంలో ఒక వాక్యం తడబడింది: ‘2006లో ఫిదేస్‌తో కలవకుండా ఇబోయ నడిపిన పార్టీ, ఆమె పట్టుదల వల్ల పార్లమెంటులో నిలిచింది.’ (ఫిదేస్ అంటే ఓర్బాన్ పార్టీ.) నిలిచింది ఎవరు, పార్టీయా ఆమెనా? ఆ ఏడు ఫోరంకు 5.04 శాతం ఓట్లు వచ్చాయి. పార్లమెంటులోకి రావడానికి కావలసింది 5 శాతం. అంటే గడప మీద నిలబడింది పార్టీ. ఆవిడ గురించి చెప్పేటప్పుడు ‘నిలిచారు’ అంటే గౌరవమూ దక్కుతుంది, అయోమయమూ పోతుంది.

మన పత్రికల్లో ఒక అలవాటు ఉంది. విదేశీ మగ నేతలకు ‘అన్నారు’, ఆడ నేతలకు ‘అంది’. ఒకే వార్తలో ఓర్బాన్ ‘చెప్పారు’, ఇబోయ ‘చెప్పింది’ అయితే అది వ్యాకరణం తప్పు కాదు, మర్యాద తప్పు. ‘ఆమె’ అన్నా ‘ఆవిడ’ అన్నా ఫరవాలేదు, క్రియకు మాత్రం ‘రు’ ఉండాలి.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. హంగేరీ స్త్రీల పేర్ల చివర ‘నే’ కనిపిస్తే అది పాత పద్ధతి, భర్త పేరుకు చేర్చే ‘శ్రీమతి’ లాంటిది. దావిద్ ఇబోయ పేరులో అది లేదు కాబట్టి మీరు ముందు ‘శ్రీమతి’ తగిలించనక్కరలేదు.

మీ ముగింపు వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: ‘2010 ఎన్నికల్లో 2.67 శాతం ఓట్లతో పార్టీ పార్లమెంటుకు దూరమైంది. దావిద్ ఇబోయ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు.’