ట్యాక్స్ రిటర్న్ చేసిపెట్టే వాళ్లకి లైసెన్సు ఉండాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వారి ఆఫీసులో అందరూ చేయించుకుంటున్నారని పోయినేడాది మేం కూడా హైదరాబాద్‌లో ఉన్న ఒక కన్సల్టెన్సీకి మా అమెరికా ట్యాక్స్ రిటర్న్ ఇచ్చామండీ. డబ్ల్యూ-2 (ఆఫీసు ఇచ్చే ఏడాది జీతం కాగితం), షేర్ల బ్రోకరేజ్ కాగితాలు అన్నీ వాట్సాప్‌లోనే పంపాం. "మాది ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) రిజిస్టర్డ్, పీటిన్ ఉంది" అన్నారు. రీఫండ్ బాగానే వచ్చింది. ఇప్పుడేమో లెక్క కలవట్లేదని ఐఆర్‌ఎస్ నుంచి సీపీ2000 నోటీసు వచ్చింది, మా వారు ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చిన షేర్లు) అమ్మిన సంగతి రిటర్న్‌లో చూపించలేదట. ఫోన్ చేస్తే "నోటీసులు మా ప్యాకేజీలో రావు మేడమ్" అంటున్నారు. రిజిస్టర్డ్ అయ్యుండి ఇలా చేతులు దులుపుకోవచ్చా?
(ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు నోటీసు సంగతి చూద్దాం అమ్మా, దానికి గడువుంది, మామూలుగా 30 రోజులు ఇస్తారు, ఆఖరి తేదీ నోటీసు మీదే ఉంటుంది. కంగారుపడి అందులో అడిగిందంతా కట్టేయకండి. ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయినప్పుడే, అంటే మీ వారి చేతికి వచ్చినప్పుడే, ఆ విలువ జీతంలో కలిసి డబ్ల్యూ-2లోకి వచ్చేసి ఉంటుంది, కానీ బ్రోకర్ ఇచ్చే అమ్మకాల కాగితం 1099-బిలో కొన్న ధర చాలాసార్లు సున్నా అని ఉంటుంది, దాంతో అమ్మిన డబ్బంతా లాభమే అనుకుని లెక్క కడతారు. బ్రోకర్ దగ్గర సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ తీసుకుని షేర్ల అమ్మకాలు చూపించే ఫారం 8949లో అసలు కొన్న ధర (వెస్ట్ అయిన రోజు విలువ) వేసి, నోటీసులో మేం ఒప్పుకోవట్లేదు అని టిక్ పెట్టి పంపండి. ఈ పనికి ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నో (ఈఏ అంటారు, ఐఆర్‌ఎస్ పరీక్ష పాసైనవాళ్లు) సీపీఏనో (లైసెన్సున్న అకౌంటెంట్) పెట్టుకుంటే మంచిది.

ఇక ఆ "ఐఆర్‌ఎస్ రిజిస్టర్డ్" మాట. పీటిన్ అంటే రిటర్నులు చేసిపెట్టే వాళ్లకి ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు, పి అక్షరం, దాని వెనక ఎనిమిది అంకెలు, అంతే. డబ్బు తీసుకుని ఫెడరల్ రిటర్న్ చేసే ప్రతివాళ్లూ తీసుకోవాల్సిందే, హైదరాబాద్‌లో కూర్చుని చేసినా సరే. కానీ దానికి పరీక్ష లేదు, చదువు అడగరు, ఆన్‌లైన్‌లో అప్లై చేసి కొద్దిగా ఫీజు కడితే ఇచ్చేస్తారు. కాబట్టి పీటిన్ ఉందని చెప్పుకోవడం అర్హత కిందకి రాదు, అది లేకపోతే మాత్రం తప్పు.

మరి గవర్నమెంటు పరీక్ష పెట్టొచ్చు కదా అంటారేమో, పెట్టబోయింది. 2011లో ఐఆర్‌ఎస్ రూల్స్ తెచ్చింది, ఈఏ, సీపీఏ, లాయరు కాని ప్రిపేరర్లు (డబ్బు తీసుకుని రిటర్న్ చేసిపెట్టే వాళ్లు) పరీక్ష రాయాలి, ఏటా క్లాసులు చెయ్యాలి అని. ముగ్గురు చిన్న ప్రిపేరర్లు కోర్టుకెళ్లారు, వాళ్లలో షికాగోకి చెందిన సబీనా లవింగ్ పేరు మీదే ఆ కేసుకి లవింగ్ కేసని పేరు. ఐఆర్‌ఎస్ ఆధారం చేసుకున్న చట్టం 1884 నాటిది, అంతర్యుద్ధంలో గుర్రాలు పోగొట్టుకున్న వాళ్ల నష్టపరిహారం క్లెయిములు నడిపే ఏజెంట్లని అదుపు చెయ్యడానికి పెట్టింది! వేరేవాళ్ల తరఫున ట్రెజరీ ముందు వాదించే వాళ్లకే ఇది వర్తిస్తుంది, ఫారం నింపిపెట్టే వాళ్లకి కాదు అని 2013లో జిల్లా కోర్టు, 2014 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు చెప్పేశాయి. చట్టం చదివితే కోర్టు చెప్పింది సబబే, కానీ కాంగ్రెస్ ఆ అధికారాన్ని కొత్త చట్టంతో ఐఆర్‌ఎస్‌కి ఎప్పుడో ఇచ్చి ఉండాల్సింది, ఇవ్వకపోవడం వల్ల నష్టపోతోంది మీలాంటి వాళ్లే, ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.

బలవంతం చెయ్యలేక 2014లోనే ఐఆర్‌ఎస్ ఇష్టమున్నవాళ్లు చేరే ఒక ప్రోగ్రామ్ పెట్టింది, యాన్యువల్ ఫైలింగ్ సీజన్ ప్రోగ్రామ్ అంటారు. ఏడాదికి 18 గంటల చదువు, అందులో 6 గంటలు ఆ ఏటి ట్యాక్స్ మార్పుల మీద, చివర 100 ప్రశ్నల టెస్టు, 70 శాతం రావాలి. పాసైతే ఆ ఒక్క ఏడాదికి ఒక సర్టిఫికెట్, ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్ డైరెక్టరీలో పేరు. వీళ్లు తాము సంతకం పెట్టిన రిటర్న్ మీద ఆడిట్ వస్తే మీ తరఫున మాట్లాడొచ్చు, కానీ అప్పీలుకీ బాకీ వసూళ్ల వ్యవహారానికీ రాలేరు. ఈఏ, సీపీఏ, లాయరు ఈ ముగ్గురే అన్నిటికీ రాగలరు. ఉత్త పీటిన్ ఉన్నవాళ్లు 2015 తర్వాత చేసిన రిటర్నులకి ఏ దశలోనూ రాలేరు. అంటే మీ కన్సల్టెన్సీలో పీటిన్ తప్ప ఇంకేమీ లేకపోతే వాళ్లు మీ తరఫున ఐఆర్‌ఎస్ ముందు నిలబడాలన్నా నిలబడలేరు.

ఇంకో పని చెయ్యండి, పోయినేడాది 1040 (అసలు రిటర్న్ ఫారం) కాపీ తీసి రెండో పేజీ అడుగున "పెయిడ్ ప్రిపేరర్" గడి చూడండి. అక్కడ పేరు, సంతకం, పీటిన్, ఫర్మ్ వివరాలు ఉండాలి. ఖాళీగా ఉన్నా, "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని ఉన్నా వాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకుని మీరే చేసుకున్నట్టు చూపించారన్నమాట, ఇలాంటి వాళ్లని ఘోస్ట్ ప్రిపేరర్లంటారు, ఫారం 14157తో కంప్లయింట్ ఇవ్వొచ్చు. అదే పేజీలో కాస్త పైన 35వ లైను దగ్గర రీఫండ్ పడే బ్యాంకు అకౌంట్ నంబరు మీదేనా కూడా చూసుకోండి.

ప్రశ్న: నాకు హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యాభర్తలకి ఇచ్చే పని పర్మిట్) ఉంది, ఇంట్లో కూర్చుని సీజన్‌లో ట్యాక్సులు చేద్దామనుకుంటున్నా. ఆ 18 గంటల కోర్సు చాలా?
(ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: మీ స్టేట్‌లో చాలదు. కాలిఫోర్నియాలో ఈఏ, సీపీఏ, లాయరు కానివాళ్లు సీటెక్ అనే కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ కావాలి, దానికి 60 గంటల కోర్సు, 5,000 డాలర్ల పూచీకత్తు బాండు, తర్వాత ఏటా 20 గంటలు. ఒరెగాన్‌లో అయితే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి, చాలా స్టేట్లలో ఏమీ అక్కర్లేదు, మరీ ఇంత తేడా ఎందుకో! మీరు ఎలాగూ కష్టపడతారు కాబట్టి నా సలహా నేరుగా ఈఏ రాయండి. మూడు పేపర్లు, డిగ్రీ అడగరు, పాసైతే 50 స్టేట్లలోనూ చెల్లుతుంది. ఒక్కమాట, ఇదే పని హెచ్1బీ మీద ఉన్న మీవారి పేరుతో చేసి డబ్బు తీసుకోవద్దు, వాళ్లు స్పాన్సర్ కంపెనీకి తప్ప పని చెయ్యకూడదు.

ప్రశ్న: నేను ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్ చేస్తున్నా, ఇక్కడికి వచ్చి రెండేళ్లు. సీనియర్ అన్న ఒకరు ఫ్రీగా చేసిపెడతానంటున్నారు. ఆయనకి పీటిన్ అడగాలా?
(కొలంబస్, ఒహాయో)

జవాబు: డబ్బు తీసుకోకపోతే పీటిన్ అక్కర్లేదు తమ్ముడూ. అడగాల్సింది వేరే ఉంది: ఏ ఫారం వేస్తున్నావన్నా అని. మామూలుగా ఎఫ్1 వాళ్లు మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు నాన్ రెసిడెంట్ కిందే లెక్క, నాన్ రెసిడెంట్ల ఫారం 1040-ఎన్‌ఆర్ వెయ్యాలి, దాంతో పాటు ఇక్కడున్న రోజులు లెక్కలోకి రావని చెప్పే ఫారం 8843. పేరున్న సాఫ్ట్‌వేర్లలో కొన్ని రెసిడెంట్ల 1040 మాత్రమే వేస్తాయి. ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం (ట్రీటీ) ప్రకారం మన స్టూడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, మిగతా నాన్ రెసిడెంట్లకి చాలామందికి లేదు, ఆ అన్నకి ఆ సంగతి తెలుసో లేదో ముందు కనుక్కో. తెలీకపోతే మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడుగు, కొన్ని చోట్ల ఎన్‌ఆర్ రిటర్నులకి ఫ్రీగానే సాయం చేస్తారు. ఇప్పటికే 1040 వేసేసి ఉంటే సరైన ఎన్‌ఆర్ జతచేసి 1040-ఎక్స్ (సవరణ ఫారం) పంపి సరిచేసుకో.