ఆస్కార్‌కి మేత చేపలు వేసే ముందు

చిరంజీవి నానికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆస్కార్ చేపని పెంచుతున్నావనీ, వారం వారం షాపు నుంచి గప్పీలు, చిన్న గోల్డ్‌ఫిష్ తెచ్చి బతికుండగానే వేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అది వేటాడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ మేత చేపల్ని అందం కోసం అమ్మే చేపల్లా ఎవరూ చూసుకోరు. ఒకే తొట్టెలో కుక్కుతారు. అందులో ఒక్కదానికి తెల్లమచ్చ రోగం తగిలినా అన్నిటికీ అంటుకుంటుంది. మా భీమవరం వైపు చెరువుల్లోకి చేప పేను కొత్తగా తెచ్చిన పిల్లతోనే దిగుతుంది. నీ తొట్టె సంగతీ అంతే.

కొనేటప్పుడే కవరు వెలుతురుకి ఎత్తి చూడు. రెక్కలు ఒంటికి ముడుచుకుని ఉన్నా, ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలున్నా, దారపు ముక్కలాంటిది వేలాడుతూ దాని మొదట్లో ఎర్రటి పుండున్నా ఆ కవరు తిరిగిచ్చెయ్. గప్పీ కదలకుండా నిలబడ్డప్పుడు మలద్వారం దగ్గర ఎర్రటి పోగులు కనబడితే కడుపులో పురుగులున్నట్టే. అవి ఉప్పుకి లొంగవు.

బాగున్నవి తెచ్చినా నేరుగా వెయ్యకు. 20 లీటర్ల టబ్బు, స్పాంజి ఫిల్టర్ విడిగా పెట్టు. కవరులో నీళ్లు సింకులో పారబోసి చేపల్నే తీసుకో. లీటరుకి రెండు గ్రాముల కల్లుప్పు వేసి, కనీసం మూడు వారాలు ఉంచు. మధ్యలో కొత్తవి కలిపావో, లెక్క మళ్లీ మొదటి నుంచే. ఎందుకింత కాలం అంటావేమో. తెల్లమచ్చ పురుగు చేప చర్మం కింద ఉన్నన్నాళ్లూ మందు దాన్ని ముట్టుకోలేదు. అది రాలి, అడుగున తిత్తి కట్టి, వందల పిల్లలై మళ్లీ చేప కోసం ఈదే ఆ కాస్త సమయంలోనే చస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే ఈ తిరుగుడంతా ఇంకా నెమ్మదిగా సాగుతుంది.

టబ్బుకి వాడిన వల పెద్ద తొట్టెలో ముంచకు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వాడాక ఎండలో పూర్తిగా ఆరనివ్వు. చేతికి గాయం ఉన్నప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టకు, చేపలకొచ్చే ఒక రకం క్షయ సూక్ష్మజీవి మన చర్మానికీ పడుతుంది. ఎప్పుడైనా మానని గడ్డ వస్తే, ఇంట్లో అక్వేరియం ఉందని డాక్టరుకి చెప్పు.

గోల్డ్‌ఫిష్ మాత్రం పూర్తిగా మానెయ్, రోగం లేకపోయినా సరే. దాని ఒంట్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. నెలల తరబడి అదే మేతైతే ఆస్కార్ చిక్కిపోతుంది.

మురుగుకాలువ గప్పీలు ఉచితమని వలేసి పట్టుకురాకు. వాటికన్నా షాపువే నయం. అసలు మంచి దారి ఇంట్లోనే గప్పీలు పెంచడం. ఆరోగ్యమైన జోడీలు నాలుగు తెచ్చి ముందు పైన చెప్పినట్టే విడిగా ఉంచు. తర్వాత దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతూనే ఉంటాయి. అవీ అప్పుడప్పుడు తినే చిరుతిండే అనుకో, రోజూ మేత మంచి పెల్లెట్లే కావాలి. మిగిలిన గప్పీల్ని చెరువులో వదలకు.

నీ పెద్ద తొట్టె ఎన్ని లీటర్లదో, హీటరు ఉందో లేదో రాయి. పోయిన వారం తెచ్చినవి అందులోనే ఉన్నాయంటే ఈ రాత్రికే బయటికి తియ్యి.

మీ పెదనాన్న