గురువు ఉద్యోగం పోతుందేమోనని దిగులుపడుతున్న కూతురు

ప్రశ్న: మేము ఇంగ్లాండులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో చరిత్ర డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఆర్ట్స్ విభాగాల్లో అధ్యాపకులను తగ్గిస్తామని యాజమాన్యం ప్రకటించిన నాటి నుంచి తరగతులకు సరిగా వెళ్లడం లేదు, నిద్రపోవడం లేదు. వచ్చే ఏడాది తన డిసర్టేషన్‌కు (డిగ్రీ చివర్లో రాసే పరిశోధన వ్యాసానికి) గైడుగా ఉండాల్సిన మేడమ్ ఉద్యోగం కూడా పోవచ్చట. "కంప్యూటర్స్ తీసుకోమంటే విన్నావా?" అంటున్నారు మావారు. కోర్సు మార్పించమంటారా?

సమాధానం: అమ్మా, కోర్సు మార్పు గురించి ఇప్పుడే ఏ నిర్ణయానికీ రావద్దు. మీవారు అన్న మాట ఆయన భయంలోంచి వచ్చిందే కావచ్చు. కానీ అదే ప్రశ్న మీ అమ్మాయి తనను తాను ఇప్పటికే రోజూ వేసుకుంటూ ఉంటుంది కాబట్టి, ఇంట్లోనూ అదే వినిపిస్తే తన దిగులు చెప్పుకోవడానికి ఆమెకు చోటే మిగలదు. ఈ కోతలకు కారణం ఆమె ఎంపిక కాదు. స్థానిక విద్యార్థుల ఫీజు గరిష్ఠ పరిమితి 2017 నుంచి 2025 వరకు 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోగా ఖర్చులు పెరుగుతూ పోయాయి. విదేశీ విద్యార్థుల ఫీజుల మీద ఆధారపడిన సంస్థలు వారి సంఖ్య తగ్గగానే ఇబ్బందుల్లో పడ్డాయి. ఈ సంగతి మీవారికి మీరే నెమ్మదిగా చెప్పండి.

ప్రకటించినవన్నీ ఖరారైన నిర్ణయాలు కావు. ఒకేచోట ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులను తొలగించదలిస్తే కనీసం 30 రోజులు, వంద మంది, అంతకు మించి అయితే 45 రోజులు ముందుగా ఉద్యోగుల ప్రతినిధులతో సంప్రదింపులు మొదలుపెట్టాలని చట్టం చెబుతోంది. 2025 జనవరిలో కార్డిఫ్ విశ్వవిద్యాలయం మూసివేస్తామన్న వాటిలో నర్సింగ్, సంగీత విభాగాలను తరువాత నిలుపుకుంది. అయితే అన్నీ నిలుస్తాయని అమ్మాయికి మాట ఇవ్వకండి. ఆ భరోసా నిలబడకపోతే మీ మాట మీద నమ్మకం కూడా పోతుంది.

ఇక చేయవలసిన పని. తన కోర్సు చివరి వరకు నడుస్తుందా, ఎంచుకున్న పేపర్లు ఉంటాయా, డిసర్టేషన్‌కు ఎవరు గైడుగా ఉంటారు అన్న మూడు ప్రశ్నలను ఆమె విభాగానికి రాతపూర్వకంగా పంపాలి. ఆ ఉత్తరం మీరు రాయకండి. మేజరైన విద్యార్థి వివరాలను ఆమె అనుమతి లేకుండా వారు తల్లిదండ్రులతో చర్చించరు, పైగా తన చేత్తో తాను రాయడమే ఆమెకు కొంత ధైర్యాన్నిస్తుంది. స్టూడెంట్స్ యూనియన్‌లోని సలహాదారులు ఇందులో సాయపడతారు. ఫిర్యాదు చేసినా లోపల న్యాయం జరగకపోతే, విశ్వవిద్యాలయం తుది లేఖ ఇచ్చిన 12 నెలల్లోగా విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర న్యాయనిర్ణేత కార్యాలయాన్ని (ఓఐఏ) ఆశ్రయించవచ్చు, దానికి రుసుము లేదు. అందుకే ప్రతి ఈమెయిల్‌నూ దాచుకోమనండి.

మేడమ్‌ను కలవడానికి మీ అమ్మాయి మొహమాటపడుతూ ఉండవచ్చు. తన కష్టంలో ఉన్న మనిషిని ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకన్న సంకోచం మంచి మనసున్న పిల్లలకే వస్తుంది. అయినా వెళ్లమనండి. ఉద్యోగ కోతలపై జరుగుతున్న సంప్రదింపుల వివరాలు ఆమెను అడగకూడదు, చాలావరకు ఆమె చెప్పలేరు కూడా. కానీ ఏ పాఠం తనకు నచ్చిందో చెప్పి, డిసర్టేషన్ అంశం మీద ఆమె ఆలోచనలు, చదవవలసిన పుస్తకాలు, ఆమె లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలన్న సలహా, భవిష్యత్తులో సిఫార్సు లేఖకు ఆమెను సంప్రదించే చిరునామా ఇప్పుడే తీసుకోవడం అవసరం. తన మాటను శ్రద్ధగా విన్న విద్యార్థి ఒకరున్నారని తెలియడం ఆ అధ్యాపకురాలికీ ఈ సమయంలో ఊరటే.

నిద్రలేమి రెండు వారాలకు మించితే జీపీని (మీ ప్రాంతపు సాధారణ వైద్యుణ్ని) గానీ, విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్‌ను గానీ కలవడం వాయిదా వేయకండి. తరగతులకు వెళ్లకపోవడం వల్ల మార్కులు దెబ్బతినేలా ఉంటే, పర్సనల్ ట్యూటర్‌కు ముందే చెప్పి గడువు పొడిగింపు అడగవచ్చు.

ఈ వారాంతంలో మీవారిని ఒక్క పని చేయమనండి. అమ్మాయి రాయాలనుకుంటున్న డిసర్టేషన్ దేని గురించో అడిగి, మధ్యలో ఉద్యోగాల ఊసెత్తకుండా చివరిదాకా వినమనండి.