మేలు చేసిన యజమానిని జీతం పెంచమని ఎలా అడగాలి?

ప్రశ్న: నా వయసు 38. ఒక మధ్యతరహా సంస్థలో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. చేరిన కొత్తలో బిల్లులు నమోదు చేసేదాన్ని. ఇప్పుడు పన్నుల లెక్కలు, బ్యాంకు వ్యవహారాలు, ఆడిటర్లతో మాట్లాడటం, జీతాల పట్టిక తయారుచేయడం అన్నీ నావే. ఏడాదికోసారి వచ్చే కొద్దిపాటి ఇంక్రిమెంటు తప్ప నా జీతాన్ని ఎప్పుడూ సవరించలేదు. నిరుడు చేరిన ఒక అబ్బాయికి పని నేర్పింది నేనే. అతని జీతం నా జీతం కంటే ఎక్కువని పట్టిక చేస్తున్నప్పుడు చూశాను. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, అతనితో మామూలుగా మాట్లాడలేకపోతున్నాను. ఐదేళ్ల క్రితం మా నాన్నగారికి ఆపరేషన్ జరిగినప్పుడు మా యజమాని మూడు నెలల జీతం ముందుగా ఇచ్చి, నెల రోజులు సెలవిచ్చి ఆదుకున్నారు. ఆ డబ్బు తరువాత నా జీతంలోంచి తీర్చేశాను. అయినా ఆయన ఎదుట డబ్బు మాట ఎత్తబోతే గొంతు పెగలదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని అమ్మ అంటుంది. ఆ అబ్బాయి జీతం చూపించి నిలదీయమని, కాదంటే మానేయమని మావారు రోజూ గొడవ పడుతున్నారు. ఆడదాన్ని కాబట్టే తక్కువ ఇస్తున్నారా అని కూడా అనిపిస్తోంది. నన్ను ఏం చేయమంటారు?

సమాధానం: మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటి మీ ఉత్తరంలో ఉంది. ముందుగా తీసుకున్న డబ్బును జీతంలోంచి తీర్చేశానన్నారు. అంటే డబ్బుకు సంబంధించినంత వరకు మీ యజమానికి మీరు బాకీ లేరు. ఆపద సమయంలో ఆయన చూపిన దయ మాత్రం నిజమైనదే, దానిని మరచిపొమ్మని నేను చెప్పను. అయితే మేలు చేసినవారిని గౌరవించడం, వారి కష్టకాలంలో వెంట నిలబడటం ఒక సంగతి, ఆ మేలుకు వడ్డీ కడుతున్నట్లుగా ప్రతి నెలా రావలసిన జీతంలో కొంత వదులుకోవడం మరొక సంగతి. ఆయన మనసులో అటువంటి లెక్క ఉన్నదో లేదో మీకు తెలియదు. ఉన్నదని మీకు మీరే అనుకొని, ఆయన తరఫున మీ దగ్గర మీరే వసూలు చేసుకుంటున్నారు. మీ అమ్మగారు చెప్పిన సామెత ఆదరించిన ఇంటికి కీడు తలపెట్టేవారి గురించి పుట్టింది. చేసిన పనికి తగిన ప్రతిఫలం అడగడం వాసాలు లెక్కపెట్టడం కిందికి రాదు. ఈ ఒక్క ముడి మీ మనసులో విడకపోతే, ఎంత చక్కని మాటలు సిద్ధం చేసుకున్నా ఆయన గదిలోకి వెళ్లేసరికి క్షమాపణలుగా మారిపోతాయి.

ఇక మీ కంటే నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి ఎక్కువ ఎలా వచ్చిందన్న ప్రశ్న మీకు నిద్ర పట్టనివ్వడం లేదు. దీనికి చాలా సంస్థల్లో కనిపించే కారణం అవమానించాలన్న ఉద్దేశం కాదు, వట్టి లెక్క. కొత్తగా చేరేవారికి ఆనాటి మార్కెట్ ధర ఇవ్వవలసి వస్తుంది, లేకపోతే వారు చేరరు. ఉన్నవారికి పాత జీతం మీద కొద్ది శాతం కలుపుతూ పోతారు, వారు అడగరు కనుక మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టరు. మీరు లెక్కలు తెలిసినవారు కాబట్టి ఒక ఉదాహరణ చూడండి. 100తో మొదలైన జీతం ఏటా 5 శాతం చొప్పున పెరిగితే తొమ్మిదేళ్లకు 155 అవుతుంది. అదే పనికి బయటి ధర ఏటా 8 శాతం చొప్పున పెరిగిందనుకుంటే అది 200కు చేరుతుంది. ఏ ఒక్క ఏడాదీ పెద్ద అన్యాయం జరిగినట్లు కనిపించదు, కానీ చివరికి అందుకోవాలంటే ఒక్కసారిగా 29 శాతం పెంచవలసిన పరిస్థితి వస్తుంది. పైగా మీ విషయంలో పని కూడా మారింది. బిల్లులు నమోదు చేసే ఉద్యోగానికి నిర్ణయించిన జీతం మీదనే ఇంక్రిమెంట్లు పేరుకుంటూ వచ్చాయి తప్ప, ఇప్పుడు మీరు చేస్తున్న ఉద్యోగానికి ఎవరూ ఎప్పుడూ ధర కట్టలేదు. కనుక మీరు అడగవలసింది మరికాస్త పెద్ద ఇంక్రిమెంటు కాదు, మీ ఉద్యోగ స్థాయిని గుర్తించి జీతాన్ని కొత్తగా నిర్ణయించమని. ఈ తేడా మీకు స్పష్టంగా ఉంటేనే ఆయనకూ స్పష్టమవుతుంది.

స్త్రీ కావడం వల్లనేనా అన్నారు. కావచ్చు, దానిని కొట్టిపారేయను. సమాన విలువ గల పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లోనే తన 100వ ఒప్పందంలో చెప్పింది, ప్రపంచంలో అత్యధిక దేశాలు దానిని ఆమోదించాయి కూడా. మీ సంస్థలో ఒకే పని చేస్తున్న స్త్రీలందరికీ పురుషుల కంటే తక్కువ వస్తున్నదని తేలితే అది న్యాయవాదితో మాట్లాడవలసిన విషయం. మీరు రాసినదాన్ని బట్టి మాత్రం కొత్తవారికీ పాతవారికీ మధ్య పెరిగిన తేడాగానే నాకు తోస్తున్నది. మొదటి సంభాషణను వివక్ష అన్న ఆరోపణతో ప్రారంభించవద్దు.

ఇప్పుడు మీవారి సలహా దగ్గరకు వస్తాను. ఆ అబ్బాయి జీతం చూపించి నిలదీయమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. తోటి ఉద్యోగి తన జీతం తానే మీకు చెప్పి ఉంటే అది వేరు. మీరు దానిని చూసింది సంస్థ మీ మీద నమ్మకంతో అప్పగించిన పట్టికలో. ఆ అంకె మీ నోట వెలువడిన క్షణం నుంచి సంభాషణ మీ జీతం గురించి కాక మీ విశ్వసనీయత గురించి అవుతుంది. తొమ్మిదేళ్లలో మీరు సంపాదించుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని మీ చేతులతో మీరే బల్ల మీద పెట్టి ఎదుటివారికి అప్పగించినట్లవుతుంది. ఇప్పటికే ఆ అంకెను మీవారికి చెప్పారు. అది ఇల్లు దాటకుండా చూడమని ఆయనను గట్టిగా కోరండి. ఆ అబ్బాయితో కూడా మీ ప్రవర్తన మారనివ్వకండి, అతను అడిగినది అతనికి ఇచ్చారు, అంతే.

ఆ అంకె చూసినప్పటి నుంచి కలుగుతున్న బాధకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దని కూడా చెప్పాలి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగుల మీద డేవిడ్ కార్డ్, ఆయన సహచరులు చేసిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. తోటివారి జీతాలు చూడగలిగినప్పుడు, తమ విభాగంలో మధ్యస్థాయి కంటే తక్కువ పొందుతున్నవారిలో ఉద్యోగ తృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ పొందుతున్నవారికి మాత్రం ఆ సంగతి తెలిసినందువల్ల అదనపు సంతోషమేమీ కలగలేదు. తక్కువ ఇస్తున్నారని తెలిసి బాధపడటం అసూయ కాదు, మనుషులకు సహజం. ఆ బాధ మిమ్మల్ని అడగడానికి పురిగొల్పితే మంచిదే, కానీ అడిగే మాటల్లో మాత్రం అది ఉండకూడదు.

మరి దేనిని ఆధారం చేసుకొని అడగాలి? బయట దొరికే వివరాలను. మీ స్థాయి బాధ్యతలకు ఇతర సంస్థలు ప్రకటనల్లో ఎంత చూపుతున్నాయో నాలుగైదు చోట్ల చూసి రాసుకోండి. ఇటువంటి నియామకాలు చేసే ఏజెన్సీ వారిని ఒకరిద్దరిని అడగండి. మీతో కలిసి చదువుకొని ఇప్పుడు ఇదే పనిలో ఉన్నవారిని, నీకెంత అని కాక, ఈ పనికి నువ్వయితే ఎంత అడుగుతావు అని అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు. ప్రకటనల్లోని అంకెల్లో అత్యధికమైనదాన్ని పట్టుకోవద్దు, మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి.

దానితోపాటు మీ పని గురించి ఒక్క పేజీ రాయండి. ఒక్క పేజీయే. చేరినప్పుడు చేసిన పనులేవి, ఇప్పుడు చేస్తున్నవేవి, వాటిలో మునుపు మరొకరు చేస్తుండగా మీకు వచ్చినవేవి, బయటి వారికి డబ్బిచ్చి చేయించుకుంటున్న పనిని మీరు చేపట్టడం వల్ల మిగిలినదెంత, గడువులు తప్పకుండా చూసినందువల్ల తప్పిన జరిమానాలేమిటి అన్నవి అందులో ఉండాలి. కష్టపడుతున్నాను, ఆలస్యంగా ఇంటికి వెళుతున్నాను వంటి మాటలు వద్దు. కష్టం అందరూ పడతారు, ఫలితం రాసిన కాగితం మాత్రం చాలామంది దగ్గర ఉండదు. అలాగే ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందుల సంగతి తీసుకురావద్దు. అవసరం చూపి అడిగితే అది సహాయం కోరినట్లవుతుంది. మీ యజమాని దయగలవారు కాబట్టి బహుశా మళ్లీ ఒక అడ్వాన్సు ఇస్తారు, జీతం ఉన్నచోటనే ఉంటుంది. మీ వంటివారు తరచుగా జారిపడేది ఇక్కడే.

సమయం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు, వచ్చే ఏడాది ఖర్చుల అంచనాలు వేసేది మీరే. ఇంక్రిమెంటు ఉత్తరాలు చేతికొచ్చాక అడిగితే అప్పటికే అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి, అంచనాలు ఖరారు కావడానికి రెండు మూడు నెలల ముందు అడగండి. రావలసిన బకాయిలు వసూలు కాక ఆయన చికాకుగా ఉన్న వారంలో వద్దు. లెక్కల గురించి మీకున్న అవగాహనను సమయం ఎంచుకోవడం వరకే వాడండి. లాభం ఇంత వచ్చింది కదా సార్ అని నోరు జారితే అది బెదిరింపులా వినిపిస్తుంది.

నడవాలో ఎదురుపడినప్పుడు కాక, జీతం గురించి మాట్లాడాలని ముందే చెప్పి అరగంట సమయం తీసుకోండి. విషయం ముందుగా తెలిస్తే ఆయన కూడా ఆలోచించుకొని వస్తారు. మాటలు ఇలా ఉండవచ్చు: "సార్, నాన్నగారి ఆపరేషన్ సమయంలో మీరు చేసిన సహాయం నేను మరచిపోలేదు. ఈ సంస్థలోనే ఇంకా చాలాకాలం పనిచేయాలనుకుంటున్నాను, అందుకే ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా మీతో చెబుతున్నాను. నేను చేరినప్పటి పనికీ ఇప్పటి పనికీ ఉన్న తేడా ఈ కాగితంలో రాశాను. ఈ బాధ్యతలకు బయట ఇస్తున్న జీతం కూడా చూశాను. నా జీతాన్ని ఇంతకు సవరించాలని కోరుతున్నాను." అంకె చెప్పండి, ఆ తరువాత ఆగండి. ఆ నిశ్శబ్దంలో చాలామంది కంగారుపడి, పోనీ సార్ మీరు ఎంత ఇచ్చినా సరే అనేస్తారు. ఆ ఒక్క మాట అంతకుముందు చెప్పినదంతా తుడిచేస్తుంది. ఇంట్లో అద్దం ముందు కాక ఒక మనిషి ముందు కూర్చొని దీనిని రెండు మూడు సార్లు పైకి చెప్పి చూసుకోండి.

సంస్థలో కొనసాగాలన్న మాట ముందు పెట్టమనడానికి ఒక కారణముంది. జీతం విషయంలో బేరమాడిన స్త్రీలను అదే పని చేసిన పురుషుల కంటే కఠినంగా అంచనా వేస్తారని హానా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్ తదితర పరిశోధకులు 2007లో చూపారు. అడగడానికి గల న్యాయమైన కారణాన్ని, సంస్థతో తమ సంబంధం పట్ల శ్రద్ధను కలిపి చెప్పినప్పుడు ఆ ప్రతికూలత తగ్గుతుందని బౌల్స్, బాబ్‌కాక్ 2013లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. స్త్రీలు మాత్రమే ఇంత జాగ్రత్తగా మాట్లాడవలసి రావడం న్యాయం కాదు. అయినా మీరు వెళ్లేది లోకాన్ని సరిదిద్దడానికి కాదు, మీ జీతాన్ని సరిచేసుకోవడానికి కాబట్టి ఈ పద్ధతే వాడమంటాను.

ఆయన ఏమంటారన్నది ఎవరూ చెప్పలేరు. మనమంతా ఒక కుటుంబంలాంటి వాళ్లం కదమ్మా అని ఆయన అంటే నవ్వి, "అందుకే మీ దగ్గరకు నేరుగా వచ్చాను సార్" అని మళ్లీ కాగితం దగ్గరకే రండి. ఒక్కసారిగా అంత పెంచలేమంటే, అది అబద్ధం కానక్కరలేదు. పై ఉదాహరణలోని 29 శాతాన్ని ఇప్పుడు 13.5 శాతం, ఆరు నెలల తరువాత, పెరిగిన జీతం మీద మరో 13.5 శాతం చొప్పున రెండు విడతలుగా అడగవచ్చు. అయితే రెండో విడత తేదీ, మొత్తం కాగితం మీదకు రావాలి. ఆయన రాసి ఇవ్వకపోయినా, మాట్లాడుకున్నదంతా ఆ సాయంత్రమే మర్యాదగా ఒక మెయిల్‌లో రాసి మీరే పంపండి. చూద్దాంలే అంటే, ఎప్పుడు మళ్లీ మాట్లాడవచ్చో తేదీ అడిగి లేవండి. కుదరదని తేల్చేస్తే, ఏం చేస్తే కుదురుతుందని ఒక్క ప్రశ్న వేయండి. దానికి స్పష్టమైన జవాబు ఉంటే ఇంకా ఆశ ఉన్నట్లు, లేకపోతే బయట వెతకడం మొదలుపెట్టవలసిన సమయం వచ్చినట్లు.

ఆ వెతుకులాట మాత్రం ఉద్యోగంలో ఉండగానే జరగాలి. కాదంటే మానేయమన్న మీవారి మాటలో మీ తరఫున ఆయనకు కలిగిన కోపముంది, ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. అయితే చేతిలో మరో ఉద్యోగపు నియామక పత్రం లేకుండా రాజీనామా మాట ఎత్తడం వల్ల మీ బలం పెరగదు, తగ్గుతుంది. వేరే చోట అవకాశం వచ్చినా, నిజంగా వెళ్లడానికి సిద్ధపడితే తప్ప దానిని ఇక్కడ చూపించి బేరమాడకండి. సరే వెళ్లండి అని ఆయన అంటే వెళ్లక తప్పదు.

మీవారితో రోజూ జరుగుతున్న గొడవకు కారణం, ఏదో ఒకటి చేయాలని ఆయనకు ఉండటం, ఏం చేయాలో తెలియకపోవడం. ఆయనకొక పని అప్పగించండి. సలహాలు ఆపి రెండు సాయంత్రాలు మీ యజమాని పాత్రలో కూర్చొని మీరు చెప్పేది వినమనండి, అడ్డు ప్రశ్నలు వేయమనండి. మూడో సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటి లెక్క చూడండి. మీ జీతం ఒకటి రెండు నెలలు ఆగినా ఇల్లు నడుస్తుందా, నడవడానికి ఎంత దాచుకోవాలి అన్నది ఇప్పుడే తేల్చుకోండి. యజమాని గదిలోకి వెళ్లే తేదీని ఆ తరువాతే నిర్ణయించుకోండి.